ఒరిపిడి రోజులు

బేయ్‌మెన్ షెడ్డు, చియాయీ
1973 మార్చి 9, శుక్రవారం

యెన్ వదినకు,

పొద్దున మబ్బు పట్టింది, తర్వాత ఎండ కాసింది. నిన్న కొండ దిగి వచ్చిన ఇంజనుకి బూడిద దులిపి, కుడి పక్క షాఫ్టు కీళ్ళకి నూనె పెట్టాను. మీ అన్నం డబ్బా కడిగి ఈ ఉత్తరంతో పాటు గార్డు బున్ బాబాయి చేతికి ఇస్తున్నాను. మూత వదులైంది. అంచు కొట్టి సరిచేశాను. తీసేటప్పుడు గోరు జాగ్రత్త.

నిన్న మీరు ఆ "టక్" చప్పుడేమిటని అడిగారు. బండి కదిలిపోవడంతో చెప్పలేకపోయాను.

మీ ఆయన హోక్-లాయ్ అన్న నడిపిన ఇంజనే కాబట్టి సగం సంగతి మీకు తెలుసు. మైదానపు ఇంజన్లలా దీనికి చక్రాలను తోసే పొడుగు కడ్డీలు లేవు. మూడు సిలిండర్లూ కుడి పక్కన నిలువుగా ఉంటాయి. వాటి కింద షాఫ్టు, షాఫ్టు మీద చిన్న పళ్ళ చక్రాలు. బండి చక్రాలకు బిగించిన పెద్ద పళ్ళ చక్రాలను అవి తిప్పుతాయి. అన్న పోయిన ఏడాదికి, అంటే కిందటేడాది చలికాలంలో, ఒక పెద్ద చక్రంలో పన్ను విరిగింది. విరిగినచోట మేకులు దించి, చుట్టూ లోహం పోసి, ఆకురాయితో రాసి కొత్త పన్ను కట్టాను. ఆ కట్టుడు పన్ను వంతు వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. అలాంటి ఇంజను కొండెక్కితే ఫిట్టరు వెంట ఉండాలని షెడ్డు నియమం. గురువారాలు నేను వస్తున్నది అందుకే.

చిన్న చక్రం, పెద్ద చక్రం కొత్త జత పోత పోయడానికి ఇచ్చారు. అది వచ్చాక ఈ చప్పుడు ఉండదు.

ఆవకూర ఊరగాయ బాగుంది.

సూయి-బోక్


ఫెన్‌చీహూ
సోమవారం, పొగమంచు

బోక్ మరిదికి,

నువ్వు బాగుచేసిన మూత తెరవడానికి స్టేషను మాస్టారిని పిలవాల్సి వచ్చింది. ఆయన చెమటలు కక్కుతూ తెరిచి, "దీన్ని బిగించినవాడికి బాయిలరు అప్పగించండమ్మా, చుక్క ఆవిరి బయటికి పోదు" అన్నాడు. ఇప్పుడు దాన్ని సగమే మూస్తున్నాను.

తైపేయి నుంచి కుర్రకారు వచ్చారు, మెడలో కెమెరాలు. ఒకడు అడిగాడు: "ఆంటీ, మీ ఇంజను చప్పుడు వింటే ఎక్స్‌ప్రెస్సులా ఉంది, చూస్తే నడిచి వెళ్ళే మనిషి దాటిపోయేలా ఉంది. ఇదేం బండి?" "గడియారంలో ఉన్నట్టు దీనికి పళ్ళ చక్రాలున్నాయి నాయనా. లోపల గిరగిరా తిరుగుతుంది, బయటికి మెల్లగా నడుస్తుంది. నోరు పెద్దది, అడుగు చిన్నది, అచ్చం మా ఆడపడుచే" అన్నాను. ఆడపడుచు వెనకే ఉంది. రెండు రోజులుగా మాటల్లేవు.

టక్కు పోతుందని సంతోషంగా రాశావు. నాకైతే అదే గడియారం. కింద సొరంగం దాటగానే అది వినిపిస్తుంది. వెంటనే మాంసం ముక్కలు నూనెలో వేస్తాను. బండి ఆగేసరికి నీ డబ్బాలో ముక్క ఇంకా చిటపటలాడుతూ ఉంటుంది. గురువారం మాత్రం అద్దం ముందు జుట్టు కూడా దువ్వుకుంటాను. వెంట్రుకలు అన్నంలో పడతాయని.

అసలు సంగతికి వస్తాను. తైనాన్ నుంచి అక్క రాసింది. బావగారికి చూపు ఆనడం లేదట. చేపల జావ కొట్టు ఒక్కతే చూసుకోలేనంటోంది, వచ్చి తనతో ఉండమంటోంది. స్టేషనులో ఈ అన్నం కొట్టు బాడుగ గడువు శరత్కాలపు చంద్రుడి పండుగతో అయిపోతుంది. మళ్ళీ రాయించుకోవాలా, వదిలేయాలా? ఆయన పోయి రెండేళ్ళు. ఒంటరిదాన్ని, ఈ మంచులో ఎవరి కోసం ఉన్నాను అని అక్క అడుగుతోంది.

నువ్వేమంటావు? తింటున్నంతసేపు డబ్బాలోకే చూస్తావు. కాగితం మీదైనా చెప్పు.

యెన్


బేయ్‌మెన్ షెడ్డు
మార్చి 21, బుధవారం

యెన్ వదినకు,

ఎండ. గాలి లేదు. షెడ్డు కప్పు మీది మసి కడిగాం. బాయిలరు గొట్టాలు రెండు మార్చాను.

తైనాన్ గురించి అడిగారు. అక్కడ పొగమంచు ఉండదు. మీ మోకాలికి మంచిదే. చేపలు తాజాగా దొరుకుతాయి. అక్కగారి మనసు మంచిదని అన్న చెప్పేవాడు.

కొత్త జత వచ్చింది. చిన్న చక్రం ఒక పెట్టెలో, పెద్ద చక్రం ఒక పెట్టెలో, చుట్టూ గడ్డి. పోత శుభ్రంగా ఉంది. పళ్ళ మీద వేలు పెట్టి చూశాను, ఇసుక గుంటలు లేవు. ఇలాంటి పని ఈ మధ్య చూడలేదు. వచ్చే వారం అమరుస్తాం. ఆ తర్వాత గురువారాలు ఫిట్టరు అవసరం ఉండదు.

ఇంకొక సంగతి రాద్దామనుకున్నాను. కాగితం అయిపోయింది.

సూయి-బోక్


ఫెన్‌చీహూ
ఏప్రిల్ 6

బోక్ మరిదికి,

కాగితం అయిపోయిందా? వెనక వైపు శుభ్రంగా తెల్లగా ఉందే! నాకు పనికొచ్చిందిలే, దాని మీద కూరల వాళ్ళకి చెప్పాల్సినవి రాసుకున్నాను. క్యాబేజీ, వెదురు మొలకలు, అల్లం. నువ్వు రాయాల్సింది అల్లం కింద పట్టేది.

ఇక నిన్నటి సంగతి. సమాధులు శుభ్రం చేసే రోజు కదా, ఊరంతా కొండ మీదే ఉంది. నేను ఆయన సమాధి మీద గడ్డి కోస్తున్నాను. కింద నుంచి అరుపు మొదలైంది. ఇంజను చప్పుడు కాదు, అరుపు! లోయంతా ఎవరో నోరు తెరిచి ఊళపెడుతున్నట్టు. పక్క సమాధి దగ్గరి ముసలావిడ "ఎవరి పెద్దలో ఆకలితో లేచారమ్మా" అంటూ అగరొత్తులు తిప్పింది. ఆవిడ కోడలు చేతిలోని కోడిని అక్కడే వదిలి పరిగెత్తింది.

నేను మాత్రం కొడవలి పట్టుకుని స్టేషనుకి దిగి వచ్చాను. బండి ఆగింది. మోచేతుల దాకా గ్రీజుతో నువ్వు దిగావు. "ఏం పెట్టావయ్యా దానికి?" అంటే "కొత్తది" అన్నావు. చల్లారిన అన్నమే తిన్నావు. మళ్ళీ ఎక్కి పోయావు.

బున్ బాబాయి ఏమన్నాడో తెలుసా? "ఆ మనిషి నోరు తెరవడు కదా, వాడి వంతు అంతా ఇంజనే అరిచేస్తోంది."

నాకొకటి అర్థం కాలేదు. జత వచ్చిందని రాశావు. కలిసి అరిగిన చక్రాలను విడదీయకూడదనీ, మారిస్తే రెండూ మార్చాలనీ ఆయన వంద సార్లు చెప్పేవారు. ఆయనకి ఆ మాట నేర్పింది నువ్వేనట. మరి రెండూ పెడితే అరవదు కదా?

యెన్


బేయ్‌మెన్ షెడ్డు
మే 4, శుక్రవారం

యెన్ వదినకు,

రాత్రంతా కురిసి తెల్లవారాక వెలిసింది. ఇసుక పెట్టెలో తడి ఇసుక ఆరబోశాను. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు.

చిన్న చక్రం ఒక్కటే మార్చాను. కట్టుడు పన్నుని మళ్ళీ రాసి మట్టసం చేశాను కాబట్టి ఆ టక్కు లేదు. పెద్ద చక్రం మార్చాలంటే ఇంజనుని పైకెత్తి ఇరుసు దించాలి. పది రోజులు బండి ఆగిపోతుంది, దుంగలు కొండ మీదే ఉండిపోతాయని మేస్త్రీ ఖూతో చెప్పాను. సరే అన్నాడు.

అరుపు ఎందుకంటే, పాత పన్ను మధ్యలో అరిగి పల్లమైంది. కొత్త పన్ను నిండుగా ఉంటుంది. రెండూ అంచుల దగ్గరే తగులుతాయి, నడుమ తగలవు. నూనెలో మెత్తటి రాతిపొడి కలిపి పళ్ళకి పట్టించి నడపాలి. తర్వాత కిరసనాయిలుతో కడగాలి. ఎర్ర రంగు పూసి, ఒక చుట్టు తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూడాలి. చెరగని చోట ఏమీ చేయకూడదు, ఎక్కువ చెరిగిన చోట ఆకురాయితో కొద్దిగా తీయాలి. మళ్ళీ నడపాలి. దీన్ని మేం ఒరిపిడి అంటాం. తొందరపడితే రెండూ పాడవుతాయి.

ఒరిపిడి అయ్యేదాకా ప్రతిసారీ ఫిట్టరు వెంట ఉండాలి. ఇప్పుడు వారానికి మూడు సార్లు వస్తున్నాను. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను.

మొన్న రంగు తుడవడానికి మీరిచ్చిన పాత గుడ్డ మీ జాకెట్టుదని తర్వాత చూశాను. దాన్ని వాడలేదు.

సూయి-బోక్


ఫెన్‌చీహూ
జూన్ 14, ప్లమ్ పళ్ళ కాలపు ముసురు ఆగడం లేదు

బోక్ మరిదికి,

జాకెట్టు గుడ్డ వాడలేదా, మరి ఏం చేశావు? చెప్పకు. నేనూ అడగను.

అడగనివి ఇంకా ఉన్నాయి. నిన్న వాన తగ్గేదాకా బున్ బాబాయి కొట్టులో కూర్చున్నాడు. ఇరుసు దించడానికి పది రోజులు పడుతుందటగా అన్నాను. టీ పొలమారేంత నవ్వాడు. "పది రోజులా? రెండు రోజుల పనమ్మా. పైగా ఆ వారం రెండో ఇంజను షెడ్డులో ఖాళీగా కూర్చుంది. నీ మరిదికి తెలియక కాదులే" అన్నాడు. నేను లేచి పొయ్యి ఊదాను. మంటేమీ తగ్గలేదు, అయినా ఊదాను.

ఈ రెండు నెలలూ బాగున్నాయి. నువ్వు పెద్దగా మాట్లాడావని కాదు. బల్ల కాలు సరిచేశావు, పొగగొట్టం విప్పి కడిగావు, మూడుసార్లు "వాన" అన్నావు. కిందటి వారం ప్లాట్‌ఫారం చివర నిలబడి ఏదో చెప్పబోయావు గుర్తుందా? నేను చేతులు తుడుచుకుని వచ్చాను. నా ముఖంలోకి చూశావు, చివరికి "ఇవాళ ఉప్పు తగ్గింది" అన్నావు. నేను లోపలికి వెళ్ళి తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

అరుపు తగ్గుతోంది మరిదీ. మొదట్లో సొరంగం దాటకముందే వినిపించేది. ఇప్పుడు మలుపు దగ్గరికి వచ్చేదాకా తెలియడం లేదు. ఊళ్ళోవాళ్ళు హమ్మయ్య అంటున్నారు. నాకు మాత్రం ప్రతి వారం గుండెలో రాయి పడుతోంది. ఇంకెన్నాళ్ళు మిగిలిందో నువ్వు రంగు పూసి చూస్తావు. నేను చెవి పెట్టి చూస్తున్నాను.

అక్క మళ్ళీ రాసింది. చచ్చినవాళ్ళు తిరిగే దెయ్యాల నెలలో ఇల్లు మారకూడదు కాబట్టి, అది దాటి చంద్రుడి పండుగ అయిన వెంటనే రమ్మంది. నేనింకా జవాబు రాయలేదు.

ఒకటి మాత్రం అడుగుతాను, చక్రాల గురించే. పాతదానికి కొత్తది కలపడం చెప్పావు. రెండూ పాతవే అయితే? వేర్వేరు జతల నుంచి వచ్చి, వేర్వేరు చోట్ల అరిగినవైతే?

యెన్


బేయ్‌మెన్ షెడ్డు
జూలై 27, శుక్రవారం

యెన్ వదినకు,

ఉక్క. తుఫాను వస్తుందంటున్నారు. తలుపులకి అడ్డకర్రలు బిగించాను.

సోమవారం మేస్త్రీ ఖూ పెద్ద చక్రం పెట్టె తెరిపించాడు. గడ్డి తీసి చూశాడు. నన్ను పిలిచి అందరి ముందూ అన్నాడు: "జత విడదీయొద్దని ఇరవై ఏళ్ళుగా మా చెవిలో జోరీగలా మోగింది నువ్వే కదయ్యా. కొత్త జత చేతిలో పెట్టుకుని ఒక్కదాన్ని బిగించి, మూడు నెలలు కొండంతా ఊళ పెట్టించావు. ఒంట్లో బాగుందా?" బాగుందన్నాను. "మరి ఎందుకు చేశావు?" అన్నాడు. రెండో ఇంజనుకి బండి అప్పగించి, ఇరుసు దించి, మంగళ, బుధవారాల్లో జత పూర్తిచేశాను.

పని బాగా కుదిరింది. రంగు పన్ను పొడవునా సమంగా చెరిగింది. చప్పుడు లేదు. ఫిట్టరు వెంట రానక్కర్లేదని మేస్త్రీ రాసిచ్చాడు.

మీరు అడిగినదానికి. రెండూ పాతవై, వేర్వేరు జతలవైతే ఏమవుతుందో షెడ్డులో ఎవరూ చేసి చూడలేదు. నాకు తెలియదు.

మీ కూరకత్తి మొద్దుబారిందని చూశాను. సానరాయి పంపుతున్నాను. నీళ్ళతో తడిపి వాడాలి, నూనె వద్దు.

సూయి-బోక్


ఫెన్‌చీహూ
సెప్టెంబరు 13

బోక్ మరిదికి,

సానరాయి అందింది. కత్తి బాగా తెగుతోంది. నెల్లాళ్ళు ఉల్లికాడలు తరిగాను.

నిన్న కాక మొన్న చంద్రుడి పండుగ అయిపోయింది. కొట్టు తాళంచెవి స్టేషను మాస్టారి చేతిలో పెట్టాను. "మళ్ళీ రాయించుకోరా?" అన్నాడు. బండి వచ్చిన చప్పుడూ తెలియని చోట ఏం వ్యాపారం చేస్తానన్నాను. నిజంగానే తెలియడం లేదు. మొన్న తల ఎత్తి చూస్తే ఇంజను ఎదురుగా నిలబడి ఉంది, మెత్తగా, దొంగలా. ఇంత బాగా పని చేసే మనిషి మీద ఎవరికైనా కోపం వస్తుందా? నాకు వచ్చింది.

దెయ్యాల నెలంతా ఆగాను. పండుగ దాకా ఆగాను. ఎందుకో నీకు తెలుసు. ఈ మధ్యలో నీ నుంచి రెండు చీటీలు వచ్చాయి. ఒకదాంట్లో తుఫాను, ఇంకోదాంట్లో తుఫాను వెళ్ళిపోయిందని.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. సొంత అన్న కాకపోయినా నీకు ఆయనంటే ఎంత గౌరవమో నాకు తెలుసు. వదినా అన్న పిలుపు దాటి ఒక్క అడుగు వేయడం నీకు కొండ ఎక్కినంత పని. కానీ మరిదీ, ఆ దూరమంతా నేనే దిగి రాలేను కదా. సగం దాకా వచ్చి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను.

రేపు పొద్దుటి బండికి కొండ దిగుతున్నాను. చియాయీలో రైలు మారడానికి వ్యవధి తక్కువ, షెడ్డు వైపు రాను. తైనాన్ చిరునామా కాగితం వెనక రాశాను. అక్కడికి ఉత్తరాలు తపాలాలో వేయాలి, బున్ బాబాయి ఉండడు.

ఒంటికి నూనె మరకలతో పడుకోకు.

యెన్


ఫెన్‌చీహూ ఇంజను షెడ్డు
నవంబరు 5, సోమవారం

యెన్ వదినకు,

పొద్దున దట్టంగా మంచు పట్టింది. బావి గిలకకి తాడు మార్చాను.

పై చిరునామా చూసి ఆశ్చర్యపోతారు. ఇక్కడి షెడ్డుకి ఫిట్టరు కావాలని ఎప్పటి నుంచో అంటున్నారు. చలికీ తేమకీ భయపడి ఎవరూ రారు. నేను అడిగితే వెంటనే ఇచ్చారు. మేస్త్రీ ఖూ "ఇప్పుడు నిజంగానే ఒంట్లో బాగోలేదు నీకు" అన్నాడు. పోయిన నెలాఖరులో వచ్చాను. షెడ్డు వెనక రెండు గదులు. ఒకటి ఖాళీ.

పనేమీ పెద్దగా లేదు. నీళ్ళు పట్టుకోవడానికి ఆగిన ఇంజన్లకి నూనె పెట్టడం, కీళ్ళు చూడటం. డీజిలు బండ్లు ఎక్కువయ్యాయి. వాటి చక్రాలు కనపడవు, అన్నీ మూసేసి ఉంటాయి.

మీ కొట్టు రేకు తలుపు మూసి ఉంది. ఎవరూ తీసుకోలేదు. తలుపు కింద నుంచి వాననీరు లోపలికి పోతోందని మట్టి కట్ట వేశాను. మీ ఆడపడుచు చూసి, "మనుషులు ఉన్నప్పుడు రాడు, తలుపుకి కాపలా కాస్తాడు" అంది.

ఇక్కడ సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి.

సూయి-బోక్


తైనాన్
నవంబరు 19

బోక్ మరిదికి,

నీ ఉత్తరం అక్క ముందు చదివి, "ఈయనెవరు, బావి గిలక గురించి నీకెందుకు రాస్తున్నాడు?" అంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను.

నేను ఆ కొట్టులో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. ఆయన పోయాక రెండేళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడు ఎవరూ రాని షెడ్డు, చలి ఎక్కువైన షెడ్డు, నేను వెళ్ళిన నెల తిరగగానే నీకు ముద్దొచ్చిందా? ఎందుకు వెళ్ళావు? ఖాళీ గది ఉందని నాకెందుకు రాశావు? చక్రాల గురించి అడిగితే రెండు పేజీలు రాస్తావు. ఇది అడిగితే సాయంత్రాలు పొడుగు అంటావు.

ఇక్కడంతా చదును. మైదానపు ఇంజన్లు కడ్డీలు ఊపుకుంటూ ఒక్క ఊపులో వచ్చి ఒక్క ఊపులో పోతాయి, వేళ తప్పవు. బావగారికి మన ఇంజను గురించి చెబితే నమ్మలేదు. "రైలింజనుకి పక్కన పళ్ళ చక్రాలా? పిండిమర అయి ఉంటుంది" అన్నాడు. పిండిమర కాదని చెప్పబోయి కళ్ళు తుడుచుకున్నాను. పాలబొంత చేపల పొలుసు తీస్తున్నాను అప్పుడు. పొలుసు కంట్లో పడిందన్నాను.

అక్క మంచిదే. పని ఉంది. మోకాలు నొప్పి లేదు. నువ్వు చెప్పినవన్నీ నిజాలే, ఒక్కటీ తప్పు కాలేదు. అందుకే ఇంకా బాధగా ఉంది.

పక్క వీధి మందుల కొట్టాయన గురించి అక్క అంటోంది. పెళ్ళాం పోయి ఏడాది. మంచివాడు, మాటకారి. కొత్త సంవత్సరం లోపల సరేనో కాదో చెప్పమంది.

నీ నుంచి నాకు ఒక్క మాట కావాలి. వాతావరణం వద్దు.

యెన్


ఫెన్‌చీహూ
డిసెంబరు 2

గెక్-యెన్,

వాతావరణం రాయడం లేదు.

ఎందుకు వచ్చావని అడిగావు. నువ్వు ఇక్కడున్నప్పుడు నీ దగ్గరికి రావడానికి నాకు ప్రతిసారీ ఒక పని కావాల్సి వచ్చేది. చేతిలో పనిముట్టు లేకుండా నీ కొట్టు ముందు నిలబడటం నాకు చేతకాలేదు. కట్టుడు పన్ను ఉన్నంతకాలం అది సాకు. అది పోతుందంటే భయం వేసి ఇంకో సాకు చేసుకున్నాను. అది నీకు తెలుసు, బున్ బాబాయి చెప్పాడు. ఆ మూడు నెలలు నా జన్మలో మంచి రోజులు. రోజూ రంగు పూసి చూసేవాణ్ణి. పళ్ళు ఒకదానికొకటి కుదురుకుంటున్నకొద్దీ నా చేతులే నన్ను కొండ దించేస్తున్నట్టు ఉండేది. అయినా పని చెడగొట్టలేకపోయాను. అదొక్కటీ నా వల్ల కాదు.

నువ్వు వెళ్ళిన రోజు పొద్దున నేను షెడ్డు గేటు దగ్గరే ఉన్నాను. నీ పెట్టె చూశాను, నీ నీలం గొడుగు చూశాను. పిలవలేదు. ఆ తర్వాత బేయ్‌మెన్‌లో ఉండలేకపోయాను. నువ్వు లేకపోయినా నువ్వు నడిచిన చోటుకి వద్దామనిపించింది. అందుకే వచ్చాను. ఇంకే కారణమూ లేదు.

నిన్న హోక్-లాయ్ అన్న సమాధి దగ్గరికి వెళ్ళి చెప్పాను. చాలాసేపు కూర్చున్నాను. ఉన్నప్పుడు నేనేం చెప్పినా అన్న ఒక సిగరెట్టు తీసి ఇచ్చేవాడు. నేనే ఒకటి వెలిగించి అక్కడ పెట్టి వచ్చాను.

మందుల కొట్టాయన మంచివాడని రాశావు. కావచ్చు. నేను మాటకారిని కాను. నాకు నలభై తొమ్మిది. నా చేతుల్లో నూనె ఎంత కడిగినా పోదు. ఇక్కడ నీ మోకాలు మళ్ళీ నొప్పి చేస్తుంది. ఇవన్నీ దాచకుండా రాస్తున్నాను.

నువ్వు వస్తే బాగుంటుందని రాసి కొట్టేశాను. అది చాలదు. నువ్వు కావాలి నాకు. రా. నాతో ఉండు, నా భార్యగా. ఊళ్ళో అనేవాళ్ళు అంటారు. మీ ఆడపడుచు ఎలాగూ అనేసింది.

కాగితానికి రెండు వైపులా రాశాను.

సూయి-బోక్


ఫెన్‌చీహూ
డిసెంబరు 22, శనివారం

గెక్-యెన్,

పొద్దున గడ్డి మీద పేరిన మంచు. తొమ్మిదింటికి ఎండ వచ్చింది. ఇంజను షెడ్డు గుంటలో నీళ్ళు తోడి పోశాను, కిటికీ అద్దం పగిలినచోట కాగితం అంటించాను.

నీ దగ్గర నుంచి జవాబు లేదు. ఉత్తరం అందిందో లేదో తెలియదు. అక్కగారు ముందు చదివితే చదవనీ. ఈ ఇరవై రోజులూ రోజుకొకటి రాశాను, తపాలాలో వేయలేదు. ఇదీ వాటితోనే ఉంటుందేమో. నువ్వు వద్దనుకుంటే తప్పు నీది కాదు, నేను ఆలస్యం చేశాను. అయినా అడిగినందుకు బాధ లేదు. స్టేషను మాస్టారు రోజూ బండి వెళ్ళాక నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతాడు. నేనేమీ అడగలేదు అతన్ని. ఊరందరికీ ఎలా తెలుస్తుందో.

ఇవాళ చలికాలపు నడిమి పండుగ. ఇంటింటా బియ్యప్పిండి ఉండలు చేస్తున్నారు. మీ ఆడపడుచు గిన్నెడు పిండి తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఒంటరి మగాడు ఇవాళ ఉండలు తినకపోతే ఏడాదంతా మాకే చుట్టుకుంటాడు" అని వెళ్ళిపోయింది. పిండి తడిపి చేశాను. అన్నీ ఒకే కొలతలో వచ్చాయి. కానీ మొదటి వాయి నీళ్ళలో వేయగానే సగం విడిపోయి జావ అయింది. పిండి గట్టిగా పిసకాలేమో. అల్లం, బెల్లం పాకం మాత్రం బాగా వచ్చింది. మిగతా పిండి మళ్ళీ పిసికి ఉంచాను.

మధ్యాహ్నం బండి వచ్చింది. ఇక్కడ బల్ల దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ప్లాట్‌ఫారం కనిపిస్తుంది. ఈ రోజు జనం ఎక్కువ, అందరూ పండుగకి ఇళ్ళకి వస్తున్నారు. బున్ బాబాయి చివరి పెట్టెలోంచి ఎవరిదో పెద్ద మూట దించుతున్నాడు. మూట నేలకి తగిలి ఖణేలుమంది, లోపల ఇనుప మూకుడు ఉన్నట్టుంది. పెట్టెలు రెండు దించాడు. ఎవరో ఇల్లంతా కట్టుకుని వచ్చారు. తర్వాత నీలం గొడుగు దిగింది.

నువ్వే.

బాబాయి ఇటు చెయ్యి చూపిస్తున్నాడు. నువ్వు అతన్ని ఏదో అంటున్నావు, అతను నవ్వుతున్నాడు. స్టేషను మాస్టారు తల నిలువుగా ఊపుతున్నాడు నా వైపు చూసి. మోకాలు పట్టుకుని మెల్లగా వస్తున్నావు. నీళ్ళు మళ్ళీ మరిగాయి, రెండో వాయి ఉండలు వేయాలి, అవి